ఫెర్రిస్‌బర్గ్‌లో ఆ పాత ఇల్లు, మా చూరులో సత్తు గిన్నె

మా నాన్నని ఎక్కడికి తీసుకెళ్ళినా ఆయన చూసేది పొలాన్నే. నయాగరా దగ్గర అందరూ ఫోటోలు దిగుతుంటే "ఈ నీళ్ళు కిందకెళ్ళి ఏ ఊళ్ళకి పారతాయిరా" అని అడిగారు. న్యూయార్క్ లో అంతంత బిల్డింగులు చూసి ఏమీ అనలేదు గానీ సెంట్రల్ పార్క్ లో వంగి కాస్త మట్టి తీసుకుని వేళ్ళతో నలిపి చూశారు. తెనాలి పక్క పల్లెలో పుట్టి డెబ్భై ఏళ్ళు కాలవ గట్టు మీదే బతికిన మనిషి మరి. 2014లో అమ్మ పోయాక ఆయన్ని కొన్నాళ్ళు మా దగ్గరికి, బోస్టన్ పక్కకి, తెచ్చుకున్నాను. అక్టోబర్లో కొలంబస్ డే లాంగ్ వీకెండ్ వస్తే అందరిలాగే వెర్మాంట్ వెళ్ళి ఎర్రబడిన ఆకులు చూసొద్దామంది మా ఆవిడ, నాకేమో నాన్న రెండ్రోజులు కార్లో కూర్చుని ఆకులు ఏం చూస్తారులే అనిపించి, దార్లో ఎక్కడన్నా పాతకాలం రైతు ఇల్లు కొట్టాలూ గాదెలతో సహా అలాగే ఉంచింది ఉందేమో అని వెతికాను. అలా దొరికింది రోక్‌బీ. ఫెర్రిస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో, బర్లింగ్టన్ నుంచి రూట్ 7 మీద దక్షిణంగా వస్తే అరగంట పైచిలుకు. క్వేకర్ల కుటుంబం నాలుగు తరాలు ఉన్న ఇల్లు, ఇప్పుడు మ్యూజియం.

"క్వేకర్లంటే మీ ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకుని ఉంటాడే, ఆయన మనుషులా?" అన్నారు నాన్న. ఆ కంపెనీకీ ఈ మతానికీ ఏ సంబంధం లేదు, మంచి పేరు కదా అని వాడుకున్నారంతే. వీళ్ళు తమని తాము ఫ్రెండ్స్ అనుకుంటారు, క్వేకర్లు అనేది బయటివాళ్ళు ఎగతాళిగా పెట్టిన పేరు. 1650ల్లో ఇంగ్లండ్ లో జార్జ్ ఫాక్స్ అనే ఆయన దగ్గర మొదలైంది. పూజారి ఉండడు, మంత్రాలుండవు, అందరూ ఒక గదిలో మౌనంగా కూర్చుంటారు, ఎవరికన్నా లోపల్నించి మాట వస్తే లేచి చెప్తారు, ఆడవాళ్ళయినా సరే. రాకపోతే గంటసేపు కూర్చుని లేచి వెళ్ళిపోతారు. ఇదంతా నేను కారు నడుపుతూ చెప్తుంటే నాన్న "అయితే ధ్యానమే కదా" అన్నారు, కాసేపాగి "ఒక్కళ్ళే కూర్చుంటే ధ్యానం, అందరూ కలిసి అంటే కష్టమే" అని ఆయనే అన్నారు.

మేం వెళ్ళింది శనివారం, అక్టోబర్ 11. తేదీ ఎందుకు గుర్తుందంటే ఆ రోజంతా నాన్న మనసు సగం హుద్‌హుద్ తుఫాను మీదే ఉంది. విశాఖ వైపు వస్తోందని పొద్దున్నించీ న్యూస్, మర్నాడు తీరం దాటుతుందంటున్నారు. మా ఊరికి ఏం కాదని తెలిసినా అక్టోబర్లో తుఫాను అంటే డెల్టా రైతుకి గుండెలో ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు, వరి అప్పుడే పొట్ట మీదుంటుంది. ఇక్కడేమో ఆకాశం కడిగినట్టుంది, పడమటి వైపు లేక్ చాంప్లేన్ అవతల అడిరాండాక్ కొండలు నీలంగా కనపడుతున్నాయి, చెట్లన్నీ మంట పెట్టినట్టున్నాయి.

ఇల్లు చూడగానే పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. చెక్క ఇల్లు, వెనకాల భాగం చిన్నది, పాతది, ముందు రెండంతస్తుల భాగం తర్వాత డబ్బులొచ్చాక కట్టుకున్నది. చుట్టూ ఇంకా తొంభై ఎకరాల దాకా నేల ఉంది. రోడ్ ఐలాండ్ లోని న్యూపోర్ట్ నుంచి థామస్ రాబిన్సన్, జెమైమా అనే దంపతులు వచ్చి 1793లో ఇక్కడ భూమి కొన్నారట. న్యూపోర్ట్ అంటే ఆ రోజుల్లో బానిసల వ్యాపారం చేసే ఓడలకి పెద్ద రేవు, అక్కణ్ణించి వచ్చినవాళ్ళు వీళ్ళు. అప్పట్నించి 1961 దాకా అదే కుటుంబం అదే ఇంట్లో ఉంది. ఆఖరి కోడలు పోయాక మ్యూజియం అయింది, 1997లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ అని గుర్తింపిచ్చారు.

లోపలికి అడుగుపెట్టగానే నన్ను పట్టేసింది ఏంటంటే, అది మ్యూజియంలా లేదు. మామూలుగా ఇలాంటి చోట్ల ఏదో ఒక సంవత్సరం అనుకుని ఆ కాలం కుర్చీలు ఎక్కడెక్కడివో కొనుక్కొచ్చి పేరుస్తారు. ఇక్కడ అలా కాదు, నాలుగు తరాల సామాను ఒకదాని మీద ఒకటి పడి ఉంది. ముత్తాత కాలం బల్ల పక్కనే మునిమనవడి కాలం వస్తువు. వాళ్ళు ఏదీ పారేయలేదు. పుస్తకాలు, టోపీలు, బొమ్మల రంగులు, బిల్లులు, అన్నిటికంటే ముఖ్యం ఉత్తరాలు, వేలకి వేలు. మూడో తరం ఆయన రోలండ్ ఎవాన్స్ రాబిన్సన్ రచయిత, బొమ్మలు కూడా వేసేవాడు. 1833లో ఆ ఇంట్లోనే పుట్టి 1900లో ఆ ఇంట్లోనే పోయాడు. చివరి సంవత్సరాల్లో చూపు పోయింది. అయినా రాయడం మానలేదు, గాడులు చెక్కిన పలక ఒకటి కాగితం కింద పెట్టుకుని ఆ గాడుల వెంట పెన్సిల్ నడిపిస్తూ రాశాడు. ఆయన భార్య ఆన్ చిత్రకారిణి, కూతురు రేచెల్ కూడా. ఆ అమ్మాయి న్యూయార్క్ నగరం మీద 1914లో వేసిన పోస్ట్‌కార్డుల బొమ్మలు ఇప్పటికీ అందంగా ఉంటాయి. పాపం 1919లో ఫ్లూ వచ్చి పోయింది.

ఆ గదుల్లో తిరుగుతుంటే మా తాతయ్య ఇల్లు గుర్తురాకుండా ఎలా ఉంటుంది చెప్పండి. నాలుగిళ్ళ మండువా, మధ్యలో వాన పడితే నీళ్ళన్నీ తొట్టిలోకి దిగేవి, మేం పిల్లలం ఆ ధార కింద నిలబడేవాళ్ళం. అన్నదమ్ములు వాటాలు వేసుకున్నాక 1998లో పడగొట్టేశారు. టేకు తలుపులు, దూలాలు పాత కలప కొనేవాళ్ళొచ్చి లారీలో వేసుకెళ్ళిపోయారు. ఇప్పుడు మిగిలింది మా పెదనాన్న కొడుకు ఇంట్లో ఒక ఇత్తడి గంగాళం, అంతే. ఉత్తరాలన్నీ తాతయ్య ఒక ఇనప తీగకి గుచ్చి వసారాలో వేలాడేసేవాడు, కిందవి పసుపుపచ్చగా పైవి తెల్లగా, కొంగ మెడంత పొడుగు దండ. తాతయ్య పోయిన పదో రోజుకి ఇంటినిండా చుట్టాలు, నీళ్ళు కాగాలి, ఎవరో ఆ దండ లాగి కాగు కింద పెట్టేశారు. నేనప్పుడు ఏడో క్లాసు. మండుతుంటే కార్డుల మీద స్టాంపులు ముడుచుకుపోవడం చూస్తూ నిలబడ్డాను, ఆపాలని తోచలేదు. రోక్‌బీలో అద్దం వెనకాల సిరా వెలిసిపోయిన ఆ ఉత్తరాలు చూస్తే ముందు నాకు కనపడింది ఆ కాగు కింద మంటే.

నాన్నకి ఇల్లు కంటే బయట కొట్టాలు నచ్చాయి. చెక్కతో కట్టిన గాదె, పనిముట్ల పాక, మాంసం పొగపెట్టే చిన్న గది, వెన్న తీసే పాక, కోళ్ళ గూడు, ఒక్కోటీ ఒక్కో కాలంలో కట్టింది. గాదె నేలని చేత్తో తట్టి చూసి, మనం గడ్డి తాళ్ళతో చుట్టి పురి కడతాం కదా, వీళ్ళకి ఈ చలికి చెక్క కావాల్సొచ్చింది అన్నారు. పొడుగు పిడి కొడవలి చూసి మావాడికి, అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు, నిలబడి ఎలా కొయ్యాలో ఉత్త చేతుల్తోనే నడుం తిప్పుతూ చూపించారు. మన కొడవలితో వంగి కొయ్యాలి, దీంతో వంగక్కర్లా, నడుం బతుకుతుంది అని. ఆ కాసేపు తుఫాను మర్చిపోయారు.

గైడ్ గొర్రెల సంగతి చెప్పినప్పుడు మాత్రం నాన్న బాగా ఆశ్చర్యపోయారు. స్పెయిన్ నుంచి మెరీనో గొర్రెలు 1811 ప్రాంతంలో వెర్మాంట్ కి వచ్చాయి, విలియం జార్విస్ అని పోర్చుగల్ లో అమెరికా కాన్సుల్ గా పనిచేసినాయన తెచ్చాడు, వాటి ఉన్ని అంత మెత్తగా ఇంకే గొర్రెకీ ఉండదు. దాంతో రాష్ట్రమంతా పూనకమొచ్చినట్టు గొర్రెలే గొర్రెలు, 1840 లెక్కల్లో మనుషులు మూడు లక్షల లోపు ఉంటే గొర్రెలు దాదాపు 16 లక్షల 80 వేలు. రాబిన్సన్లు కూడా వందల్లో పెంచారు, ఉన్ని డబ్బుతోనే ముందు భాగం ఇల్లు లేచింది, వాటిని కడిగిన చోటు ఆనవాళ్ళు పొలంలో కాలిబాట మీద నడుస్తుంటే ఇప్పటికీ కనపడతాయి. తర్వాత పడమటి రాష్ట్రాల్లో చవగ్గా గొర్రెలు పెంచడం మొదలైంది, పై దేశాల నుంచి వచ్చే ఉన్ని మీద పన్ను తగ్గించారు, ధర పడిపోయింది. వీళ్ళు యాపిల్ తోటలు వేశారు, పాలు వెన్న అమ్మారు, అదీ సరిపోక ఆఖరి తరం వాళ్ళు వచ్చేపోయే టూరిస్టులకి గదులు అద్దెకిచ్చారు, ఆ చిన్న కాబిన్ ఇంకా ఉంది. నాన్న అంతా విని "వరి గిట్టక పసుపు వేశాం, దుగ్గిరాలలో పసుపు రేటు పడితే అరటి వేశాం, అరటి గాలికి పడిపోతే మళ్ళీ వరి. రైతుకి ఏ దేశమైనా ఇంతేనా" అన్నారు. ఆయన ఏమన్నారని గైడ్ మళ్ళీ మళ్ళీ అడిగింది, నేను నాకు చేతనైనట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడకి అరవై దాటి ఉంటాయి, చాలా నెమ్మదిగా, ప్రతి ప్రశ్నకీ ఆగి జవాబు చెప్పేది. నాన్న కోసం నేను తెలుగులో చెప్పేదాకా ప్రతిసారీ ఆగింది.

కొత్త బిల్డింగ్ లో ఒక ఎగ్జిబిషన్ ఉంది, మేం వెళ్ళడానికి ముందు ఏడాదే, 2013లో తెరిచారు. దక్షిణాది తోటల నుంచి పారిపోయి వచ్చిన బానిసలకి ఉత్తరాన ఆశ్రయమిచ్చిన రహస్య ఏర్పాటుని అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అనేవాళ్ళు కదా, ఈ ఇల్లు అందులో ఒకటి. రెండో తరం రోలండ్ థామస్ రాబిన్సన్, ఆయన భార్య రేచెల్ గిల్పిన్, ఇద్దరూ బానిసత్వం వెంటనే, షరతులేం లేకుండా పోవాలన్నవాళ్ళు. 1834లో వెర్మాంట్ లో బానిసత్వ వ్యతిరేక సంఘం పెట్టినవాళ్ళలో రోలండ్ ఒకడు. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి దాని మీద ఉపన్యాసాలిస్తూ తిరిగిన ఫ్రెడరిక్ డగ్లస్ 1843లో ఈ ఊళ్ళో మాట్లాడ్డానికి వస్తే ఇక్కడ ఆయనకి అండగా నిలబడ్డవాళ్ళలో ఉన్నాడు.

మావాడు మేడ మీద రహస్య గది ఎక్కడ అని అప్పటికే రెండుసార్లు అడిగాడు. మనకి కథల్లో అలాగే ఉంటుంది కదా, నేలమాళిగ, దొంగ గోడ, అర్ధరాత్రి లాంతరు. ఈ ఇంట్లో కూడా మేడ మీద ఒక గదిని చూపించి ఇక్కడే దాచేవాళ్ళని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారట. గైడ్ ఏం చెప్పిందంటే, ఉత్తరాలన్నీ కూర్చుని చదివాక తేలింది వేరు. ఇక్కడ ఎవర్నీ దాచలేదు. దాచాల్సిన అవసరం లేదు, బానిసల్ని పట్టి ఇచ్చేవాళ్ళు ఇంత ఉత్తరాన కెనడా అంచు దాకా రావడమంటే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. వెర్మాంట్ అయితే 1777లోనే తన రాజ్యాంగంలో పెద్దవాళ్ళని బానిసలుగా ఉంచకూడదని రాసుకున్న చోటు. కాబట్టి వచ్చినవాళ్ళు పగలే పొలంలో పని చేశారు, కూలి తీసుకున్నారు. మావాడి మొహం చిన్నబోయింది. నాన్న మాత్రం "దాచడం కంటే అది కష్టం" అన్నారు. ఎందుకో నేనప్పుడు అడగలేదు.

అక్కడ ఇద్దరి కథ పెట్టారు, సైమన్, జెస్సీ. ఇద్దరి గురించీ 1837 నాటి ఉత్తరాల్లో ఉంది. ఆలివర్ జాన్సన్ అనే ఉద్యమకారుడు పెన్సిల్వేనియా నుంచి జనవరిలో రోలండ్ కి రాశాడు, సైమన్ అని ఒకతను మేరీలాండ్ నుంచి తప్పించుకుని వచ్చాడు, ఇరవై ఎనిమిదేళ్ళు, వసంతం రాగానే కెనడా వెళ్దామనుకుంటున్నాడు గానీ భయం లేకపోతే ఈ దేశంలోనే ఉండటం ఇష్టం, మీ దగ్గరైతే భయం ఉండదని నా నమ్మకం, పనికి పెట్టుకోండి అని. ఆ తర్వాత ఆ మనిషి ఎలాంటివాడో రాశాడు, మంచివాడు, నమ్మదగ్గవాడు, సేద్యం పనులు దాదాపు అన్నీ వచ్చు, గుర్రాల్ని తోలడంలో మంచి నేర్పు, గడ్డి కొయ్యడంలో తన ఊరి చుట్టుపక్కల తనని మించినవాడు లేడని తనే చెప్పుకుంటాడు అని. నేను ఇది తెలుగులో చెప్తుంటే నాన్న మొహంలో నవ్వొచ్చింది, "పనిమంతుడి పొగరు" అన్నారు మెచ్చుకోలుగా.

జెస్సీ సంగతి ఇంకోలా ఉంటుంది. అతను నార్త్ కరోలినా నుంచి పారిపోయొచ్చి రోక్‌బీలో పనిచేస్తూ డబ్బు దాచుకున్నాడు. అతనికి కావల్సింది కాగితం, తను స్వేచ్ఛగా ఉన్న మనిషినని రాసిన కాగితం. దానికోసం రోలండ్ ఆ పాత యజమానికి ఉత్తరం రాశాడు, జెస్సీ దగ్గర 150 డాలర్లున్నాయి తీసుకుని విడిపించండి అని. యజమాని 300 కావాలన్నాడు, పారిపోకముందు అమ్ముంటే వచ్చేదాంట్లో ఇది మూడోవంతే అని కూడా రాశాడు. రోలండ్ మళ్ళీ రాశాడు, అతని దగ్గర అంతకన్నా లేదు, పుట్టదు అని. ఒక మనిషి ధర గురించి ఇంత మర్యాదగా, వాతావరణం గురించి రాసుకున్నట్టు, ఉత్తర ప్రత్యుత్తరాలు. ఆ అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డామో తెలీదు.

ఇంకో విషయం చెప్పాలి, నాకు ఇంటికొచ్చాక కూడా వదలంది. క్వేకర్ల ఉత్తరాల్లో భాష వేరుగా ఉంటుంది. వాళ్ళ మతం పుట్టిన రోజుల్లో ఇంగ్లీషులో కూడా మనలాగే రెండు మాటలు ఉండేవి, పెద్దవాళ్ళకి యూ, చిన్నవాళ్ళకీ నౌకర్లకీ దౌ, థీ. అంటే మీరు, నువ్వు అన్నమాట. దేవుడి ముందు అందరూ ఒకటే అయినప్పుడు మాటలో ఈ తేడా ఏంటని క్వేకర్లు జడ్జినీ దొరనీ కూడా నువ్వు అనేవాళ్ళు, ఎవరి ముందూ టోపీ తియ్యలేదు. దానికి దెబ్బలు తిన్నారు, జైళ్ళకి వెళ్ళారు. తర్వాత మిగతా ఇంగ్లీషువాళ్ళందరూ ఆ తేడా మర్చిపోయి అందర్నీ యూ అనేసినా వీళ్ళు మాత్రం ఇళ్ళల్లో థీ అంటూనే ఉన్నారు, రాబిన్సన్ల ఉత్తరాల నిండా అదే. ఇది ఏ అమెరికన్ టూరిస్టుకి చెప్పినా ఒక పాత ముచ్చటలాగే వింటాడేమో. కానీ తెలుగువాడికి అలా కాదు, ఒరే, నువ్వు, మీరు, తమరు, ఈ మెట్లన్నీ నోట్లో పెట్టుకుని పుడతాం మనం. నాన్నకి నేను రెండు ముక్కల్లో చెప్పగానే అర్థమైపోయింది. "అంటే జడ్జినీ నువ్వే, పాలేర్నీ నువ్వే" అన్నారు. అని ఊరుకున్నారు. అక్కణ్ణించి బయటికొచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.

రేచెల్ గిల్పిన్ గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. బానిసల చేత పండించిన పత్తితో నేసిన గుడ్డ గానీ, బానిసలు చేసిన పంచదార గానీ ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదు. ఫ్రీ ప్రొడ్యూస్ అని అదొక ఉద్యమం, స్వేచ్ఛగా ఉన్న మనుషులు చేసిన సరుకు మాత్రమే వాడటం. ఆ రోజుల్లో అది ఎంత కష్టమో ఊహించండి, పత్తి అంతా దక్షిణాది నుంచే. గరుకు గుడ్డ, ఎక్కువ ఖర్చు, దూరం నుంచి తెప్పించుకోవడం. నాకు వెంటనే మా తాతయ్య కళ్ళముందు కనపడ్డాడు. ఆయన ఖద్దరు తప్ప ఇంకోటి కట్టి ఎరగడు. ఒంటి మీద పంచె, కండువా, లాల్చీ, తలగడ గలీబు కూడా ఖద్దరే, పొందూరు నుంచి వస్తే పండగ. మిల్లు గుడ్డ కొన్నందుకు మా చిన్న మేనత్తతో నెల్రోజులు మాట్లాడలేదట. సాయంత్రం చీకటి పడేదాకా వసారాలో రాట్నం తిప్పేవాడు, ఆ కిర్రుమనే చప్పుడు నాకింకా గుర్తుంది. నేను ఉత్సాహంగా "నాన్నా, ఈవిడ మన తాతయ్యలాగే" అన్నాను. నాన్న తలూపారు గానీ అవునని అనలేదు.

ఆ రాత్రి బర్లింగ్టన్ లో మోటెల్ లో పులిహోర, పెరుగన్నం, మా ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి తిన్నాం. మావాడు నిద్రపోయాడు. అప్పుడు నాన్న మంచం అంచున కూర్చుని మొదలుపెట్టారు, నన్ను చూడకుండా, కిటికీ వైపు తిరిగి.

మా ఇంట్లో పెద్ద పాలేరు ఒకాయన ఉండేవాడు. నాకు లీలగా గుర్తు, నాన్నకి బాగా గుర్తు. ఉగాదికి ఉగాదికి జీతం మాట్లాడుకునేవాళ్ళు, ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక దుప్పటి, ఒక జత చెప్పులు. పెళ్ళికో చావుకో తీసుకున్న బాకీ ఉంటే అది కిందటేడు నుంచి ఈ ఏటికి నడిచొచ్చేది. తెల్లారగట్ల కోడి కూతకి ముందు గొడ్ల చావిట్లో ఉండేవాడు. నాన్నని చిన్నప్పుడు వానాకాలం కాలవ దాటించి బడికి భుజాల మీద మోసుకెళ్ళింది ఆయన. నాన్నకి టైఫాయిడ్ వస్తే రాత్రికి రాత్రి బండి కట్టి తెనాలి తోలుకెళ్ళింది ఆయన, దారంతా ఎడ్లతో మాట్లాడుతూనే ఉన్నాడట పిల్లాడు భయపడకూడదని. "ఎనిమిదేళ్ళవాణ్ణి, ఆయన్ని ఒరే అని పిలిచేవాణ్ణిరా. ఆయనకి యాభై ఉంటాయి. ఆయన నన్ను చినబాబుగారూ అనేవాడు" అన్నారు నాన్న.

చూరులో ఒక సత్తు గిన్నె దోపి ఉండేది. అది నాకూ గుర్తే. చావిడి చూరులో, చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తులో. మధ్యాహ్నం ఆయన ఆ గిన్నె తీసుకుని దొడ్డి గుమ్మం బయట కూర్చుంటే నాయనమ్మ పైనుంచి అన్నం వేసేది, మజ్జిగ పోసేది, గిన్నె తగలకుండా. తిని కడిగి మళ్ళీ చూరులో దోపేవాడు. పిల్లలం ఆ గిన్నె ముట్టుకోకూడదు, ముట్టుకుంటే స్నానం. తాతయ్య అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతుంటే ఎదురుగానే జరిగేది ఇదంతా. గాంధీగారి ఫోటో కింద.

"మీ తాత చెడ్డవాడు కాదు" అన్నారు నాన్న. "ఖద్దరు నిజంగానే నమ్మాడు. కానీ ఆవిడ గుడ్డ దగ్గర ఆగలేదురా."

నేనేం అనలేదు. కాసేపటికి, "ఆ ఉత్తరంలో ఆ కుర్రాడి పేరేంటన్నావు? సైమన్. ఎన్నేళ్ళు?" అని అడిగారు. ఇరవై ఎనిమిది అన్నాను. "చూశావా, వయసు కూడా రాశారు. నూట డెబ్భై ఏడేళ్ళయింది. మనింట్లో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి ఇంటిపేరు నాకు తెలీదు" అన్నారు. పిలిచే పేరు తెలుసు, అది కూడా సగమే, మాలో ఎవరూ ఆ పేరు పూర్తిగా పలకలేదు.

రాత్రి తొమ్మిదయ్యింది. మనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర. నాన్న ఊరికి ఫోన్ చేయమన్నారు, తుఫాను సంగతి కనుక్కోడానికి అనుకున్నాను. మా పెదనాన్న కొడుకు ఎత్తాడు, ఇక్కడ మబ్బు పట్టిందంతే బాబాయ్, అంతా విశాఖ మీదకే పోతోంది అన్నాడు. నాన్న సరే అని, ఆ పాలేరు కొడుకు ఇప్పుడెక్కడున్నాడో అడిగారు. గుంటూరులో ఉంటున్నాడట, టీచర్ గా చేసి రిటైరయ్యాడట. నంబరు వెతికి ఇవ్వడానికి పది నిమిషాలు పట్టింది, ఆ పది నిమిషాలూ నాన్న ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

అవతల ఎత్తగానే నాన్న గొంతు సవరించుకుని తనెవరో చెప్పుకున్నారు, ఇంటిపేరుతో సహా, ఊరితో సహా. అవతలాయన గుర్తుపట్టినట్టున్నాడు, ఏదో అంటున్నాడు, గడగడా. నాన్న అడ్డొచ్చి, "మాస్టారూ, మీ నాన్నగారి పూర్తి పేరు చెప్తారా, రాసుకుంటాను" అన్నారు. మా నాన్న నోట్లో ఆ కుటుంబంలో ఎవర్నైనా మీరు అనడం నేను వినడం అదే మొదలు. అవతల కాసేపు ఏమీ వినపళ్ళేదు. తర్వాత ఎందుకండీ అన్నట్టున్నాడు. "ఏం లేదు, ఇక్కడ ఒక రైతు ఇల్లు చూశాం ఇవాళ. ఆయన గుర్తొచ్చారు" అన్నారు నాన్న. మోటెల్ వాళ్ళ పెన్నుతో తన పాకెట్ డైరీలో రాసుకున్నారు, ఒక్కో అక్షరం తిరిగి అడిగి. పుట్టిన సంవత్సరం అడిగితే ఆయనకీ తెలీదన్నాడు. పోయిన సంవత్సరం తెలుసు, అది రాసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, ఎడ్ల గురించి. ఎర్రది పొడిచేదా తెల్లది పొడిచేదా అని వాదించుకున్నారు కూడా.

మర్నాడు లేచేసరికి విశాఖ మీద తుఫాను దాటేసింది. కొండ మీద ఒక్క చెట్టుకి ఆకు మిగల్లేదని టీవీలో చూపిస్తున్నారు. మేం ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్ళలేదు, వెర్మాంట్ ఆకులన్నీ కారు కిటికీలోంచే చూసుకుంటూ ఇంటికొచ్చేశాం, నాన్న దారంతా ఫోన్లో విశాఖలో ఉన్న మా పిన్ని కోసం ప్రయత్నిస్తూనే ఉన్నారు. సాయంత్రానికి దొరికింది, బానే ఉంది.

నాన్న 2019లో పోయారు. ఆ డైరీ నా దగ్గరే ఉంది. ఆ పేజీలో పైన గొర్రెలు 16,80,000 అని, కింద జెస్సీ 150, అడిగింది 300 అని, సైమన్ 28 సం. అని, దాని కింద ఆ పేరు. ఇక్కడ రాయను, వాళ్ళ పిల్లలు మనవలు ఉన్నారు, వాళ్ళది ఆ పేరు. నాన్న ఇంటిపేరు ముందు రాసి, తర్వాత పేరు రాసి, గారు అని చేర్చారు. గారు మాత్రం వేరే సిరాతో ఉంది, ఇంటికొచ్చాక ఎప్పుడో రాసుంటారు.